గిజిగాడు – పేడపురుగు : ఒక పోలిక

పరీక్షల్లో "భేదాలు రాయండి" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మొక్క కణానికీ జంతు కణానికీ, ధమనికీ సిరకూ, ఆమ్లానికీ క్షారానికీ ఉన్న భేదాలు మనమందరం కంఠస్థం చేసినవే. కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు నాలుగు, కుడివైపు నాలుగు రాస్తే మార్కులు వచ్చేస్తాయి. కాని పోల్చి చూడటం మార్కుల కోసం మాత్రమే నేర్చుకోవలసిన పని కాదు. రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే, విడివిడిగా చూసినప్పుడు కనిపించని సంగతులు కనిపిస్తాయి.

ఆ సంగతి చూపించడానికి ఈ సంచికలో మేము రెండు చిన్న ప్రాణులను తీసుకున్నాం. ఒకటి గిజిగాడు, రెండవది పేడపురుగు. రెండూ మన ఊరి పొలిమేరల్లో ఉండేవే. వీటిని చూడటానికి టికెట్టు కొననక్కరలేదు, సూక్ష్మదర్శిని అక్కరలేదు. ఓపిక ఉంటే చాలు.

ఈ రెండింటినే ఎందుకు తీసుకున్నామంటే, రెండూ తమ పిల్లల కోసం గుండ్రని కట్టడాలు కడతాయి. ఒకటి గాలిలో వేలాడగడుతుంది, మరొకటి నేలలో పాతిపెడుతుంది. ఒకదాన్ని చూసి లోకం మెచ్చుకుంటుంది, మరొకదాన్ని చూసి ముక్కు మూసుకుంటుంది. ఈ మెప్పుకూ ఈ చీదరింపుకూ ఆధారం ఏమిటో కూడా ఆలోచిద్దాం.

1. జీవుల వర్గీకరణలో వీటి చోటు

గిజిగాడు వెన్నెముక గల జంతువు. పక్షుల తరగతిలో పాసెరిఫార్మిస్ అనే క్రమానికి చెందుతుంది. పిచ్చుక, కాకి, మైనా కూడా ఈ క్రమంలోనివే. ప్రపంచంలో ఉన్న పక్షి జాతుల్లో సగానికి పైగా ఈ ఒక్క క్రమంలోనే ఉన్నాయి. అందులోనూ పాడే పక్షుల గుంపులో గిజిగాడు ఒకటి. దీని శాస్త్రీయనామం ప్లోసియస్ ఫిలిప్పైనస్. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, అంటే మన స్కేలులో సగం. వానాకాలంలో మగపక్షి తల మీద, రొమ్ము మీద పసుపు రంగు వస్తుంది. మిగతా రోజుల్లో మగదైనా ఆడదైనా చూడటానికి పిచ్చుకలాగే ఉంటుంది.

పేడపురుగు వెన్నెముక లేని జంతువు. ఆర్థ్రోపోడా వర్గం, కీటకాల తరగతి, కోలియోప్టెరా క్రమం. కోలియోప్టెరా అంటే పెంకుపురుగులు. వీటిలో ఇప్పటిదాకా పేరు పెట్టినవే దాదాపు 4 లక్షల జాతులు. మనకు తెలిసిన జంతుజాతులన్నిటిలో సుమారు నాలుగో వంతు పెంకుపురుగులే. పేడమీద బతికే జాతులు 5 వేలకు పైగా ఉన్నాయి. ఇవి మూడు రకాలుగా పని చేస్తాయి. కొన్ని పేడను ముద్దచేసి దూరంగా దొర్లించుకుపోతాయి. కొన్ని పేడకుప్ప కిందనే బొరియ తవ్వి లోపలికి దించుకుంటాయి. కొన్ని కుప్పలోనే కాపురం ఉంటాయి. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పేది దొర్లించే రకం గురించి. మన దేశంలో జిమ్నోప్లూరస్ అనే ప్రజాతి పురుగులు ఆ పని చేస్తాయి.

2. శరీర నిర్మాణంలో భేదాలు

నోటుపుస్తకంలో రాసుకోవడానికి వీలుగా వరుసగా ఇస్తున్నాం.

అస్థిపంజరం: గిజిగానికి ఎముకలు శరీరం లోపల ఉంటాయి. పేడపురుగుకు గట్టి కవచమే అస్థిపంజరం, అది శరీరం పైన ఉంటుంది.

కాళ్ళు, రెక్కలు: పక్షికి రెండు కాళ్ళు, రెండు రెక్కలు. పురుగుకు ఆరు కాళ్ళు, నాలుగు రెక్కలు. ముందు రెక్కలు రెండూ పెంకులాగా గట్టిపడి, ఎగరడానికి పనికివచ్చే పలుచని వెనుక రెక్కలను కాపాడతాయి.

శ్వాసక్రియ: పక్షికి ఊపిరితిత్తులు, వాటికి తోడు గాలి సంచులు ఉంటాయి. పురుగుకు ఊపిరితిత్తులు లేవు. శరీరం పక్కల ఉన్న చిన్న రంధ్రాల గుండా గాలి సన్నని గొట్టాల్లోకి పోయి నేరుగా కణాలకు అందుతుంది.

గుండె: పక్షికి నాలుగు గదుల గుండె. పురుగుకు వీపు కింద ఒక పొడవాటి గొట్టమే గుండె.

శరీర ఉష్ణోగ్రత: గిజిగాడు స్థిరోష్ణ జీవి. చలికాలమైనా ఎండాకాలమైనా దాని ఒంటి వేడి 41 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే ఉంటుంది. పేడపురుగు ఒంటి వేడి చాలావరకు పరిసరాలను బట్టి మారుతుంది.

ఎదుగుదల: పక్షి గుడ్డులోంచి పక్షిపిల్లే వస్తుంది. పురుగు గుడ్డులోంచి తెల్లని డింభకం వస్తుంది. అది ప్యూపాగా మారి, ఆ తర్వాతే రెక్కల పురుగు అవుతుంది. దీన్ని సంపూర్ణ రూపవిక్రియ అంటారు.

పోలికలు కూడా ఉన్నాయి. రెండూ గుడ్లు పెడతాయి, రెండూ ఎగురుతాయి. రెంటికీ వానలే సంతానకాలం. రెంటికీ పిల్లల కోసం ముందుచూపు ఉంది.

3. గిజిగాని గూడు

గూడు కట్టేది మగపక్షి. వరి ఆకు అంచునో, గడ్డి అంచునో, తాటాకు అంచునో ముక్కుతో గాటు పెట్టి, చివర పట్టుకుని ఎగురుతుంది. ఆ ఊపుకు సన్నని పీలిక చీలి వస్తుంది. ఒక్కో పీలిక 20 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. ఇలా ఒక గూటికి సుమారు 500 సార్లు తిరుగుతుందని అంచనా. గూడు పూర్తి కావడానికి 18 రోజుల వరకు పడుతుంది.

మొదట కొమ్మకు ముడివేసి వేలాడే తాడు, తర్వాత ఉంగరం, దాని నుంచి బోర్లించిన టోపీ ఆకారం. టోపీ దశకు రాగానే మగపక్షి పని ఆపి, గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టి కూస్తుంది. ఆడపక్షి వచ్చి గూటిని పరీక్షిస్తుంది. నచ్చితే జంట కడుతుంది. అప్పుడే మగది కింద పొడవాటి గొట్టంలాంటి దారి కట్టి గూటిని పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ గూడు సగంలోనే ఉండిపోతుంది. బావి పక్కన ఈతచెట్టుకు పూర్తి గూళ్ళతోపాటు సగం గూళ్ళు వేలాడటం మనమంతా చూసినదే. అవి ఆడపక్షి ఒప్పుకోని గూళ్ళు కావచ్చు.

ఆడపక్షి 2 నుంచి 4 తెల్లని గుడ్లు పెట్టి 14 నుంచి 17 రోజులు పొదుగుతుంది. పిల్లలు మరో 17 రోజులకు గూడు విడిచిపోతాయి. ఇంతలో మగపక్షి ఏం చేస్తుంది? పక్కన ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపక్షిని పిలుస్తుంది. అందుచేత గిజిగాణ్ణి మంచి ఇంజనీరు అనవచ్చు గాని, మంచి ఇంటియజమాని అనడానికి కొంచెం ఆలోచించాలి.

టోపీ దశలో ఇది గూటి లోపల తడిమట్టి ముద్దలు అంటిస్తుంది. ఆ మట్టికి మిణుగురులను అతికించి రాత్రి దీపం పెట్టుకుంటుందని పెద్దలు కథ చెబుతారు. మట్టి ఉన్నమాట నిజం. దీపం సంగతి కథే. గాలికి గూడు మరీ ఊగకుండా ఆ బరువు పనికివస్తుందని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మిణుగురు కూడా పెంకుపురుగే, అంటే పేడపురుగుకు దూరపు చుట్టం. కథలో కూడా ఈ పక్షినీ పెంకుపురుగునీ మన పెద్దలు ఒకచోట చేర్చారన్నమాట.

4. పేడపురుగు ముద్ద

పశువు పేడవేసిన కొద్ది నిమిషాల్లోనే పురుగులు వాలడం పశువులు కాసినవారందరికీ తెలుసు. తలపై ఉన్న స్పర్శశృంగాలతో అవి వాసన పట్టి వస్తాయి. తల అంచు, ముందుకాళ్ళు రంపంలా పళ్ళుదేరి ఉంటాయి. వాటితో పేడను కోసి, తట్టి, గుండ్రని ముద్ద చేస్తుంది. తర్వాత తల కిందికి, వెనుకకాళ్ళు ముద్దమీదికి పెట్టి వెనక్కి నడుస్తూ దొర్లిస్తుంది. అక్కడే ఉంటే వేరే పురుగులు ముద్దను లాక్కుంటాయి. అందుకని వీలైనంత త్వరగా, తిన్నగా దూరం పోతుంది.

వెనక్కి నడిచే పురుగు తిన్నగా ఎలా పోతుంది? ఆకాశాన్ని చూసి పోతుంది. పగలు సూర్యుడు, రాత్రి చంద్రుడు దారి చూపిస్తాయి. చంద్రుడు లేని రాత్రి సంగతి 2013లో తెలిసింది. స్వీడన్, దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు స్కరాబియస్ సాటిరస్ అనే ఆఫ్రికా పేడపురుగులను జొహన్నెస్‌బర్గ్‌లోని ప్లానెటేరియంలోకి తీసుకుపోయి పరీక్షించారు. పాలపుంత కనబడితే పురుగు తిన్నగా పోయింది. కళ్ళకు అడ్డంగా చిన్న అట్టటోపీ పెడితే వంకరటింకరగా తిరిగింది. పాలపుంతను ఆధారంగా చేసుకుని దారి పట్టే జంతువుగా మొదట రుజువైనది పేడపురుగే.

మెత్తని చోటు దొరికితే ముద్దను నేలలో పాతుతుంది. తినడానికైతే అక్కడే కూర్చుని తింటుంది. పిల్లల కోసమైతే ముద్దకు ఒక్క గుడ్డు పెట్టి మూసేస్తుంది. డింభకం ఆ ముద్దను లోపలినుంచి తింటూ పెరిగి, అందులోనే ప్యూపా అయి, చివరకు పురుగై బయటికి వస్తుంది. అంటే దానికి ఊయల, అన్నం, ఇల్లు మూడూ ఆ ముద్దే. ఈగలాగా ఇది వందల గుడ్లు పెట్టదు. తక్కువ గుడ్లు, ఎక్కువ ఏర్పాటు. ఈ విషయంలో ఇది పక్షికి దగ్గరగా ఉంది.

5. ఎవరి బలం ఎక్కువ?

2010లో ఇంగ్లండు, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇద్దరు ఓంథోఫేగస్ టారస్ అనే పేడపురుగు బలాన్ని కొలిచారు. అది తన బరువుకు 1,141 రెట్ల బరువును లాగింది. 70 కిలోల మనిషి దాదాపు 80 టన్నులు లాగితే దానికి సమానం.

మరి పురుగు ఏనుగంత పెరిగితే పర్వతాన్ని లాగుతుందా? లాగదు. ఇక్కడ లెక్కలు కావాలి. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఆకారం మారకుండా పొడవు 10 రెట్లు పెరిగితే వైశాల్యం 100 రెట్లు, ఘనపరిమాణం 1,000 రెట్లు అవుతుంది. అంటే బలం 100 రెట్లు పెరిగేసరికి బరువు 1,000 రెట్లు పెరిగి కూర్చుంటుంది. చిన్నవాటికి తమ బరువును మించిన బలం ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే. క్షేత్రమితి పాఠం ఎందుకని అడిగే తమ్ముళ్ళకు ఇదొక జవాబు.

6. ఎవరివల్ల ఎంత మేలు?

గిజిగాడు వరి, జొన్న వంటి గింజలు తింటుంది. అందుకే కంకి వేసిన చేలో రైతు డబ్బా వాయిస్తాడు. కాని పిల్లలకు పురుగులను, మిడతలను పట్టి పెడుతుంది. ఆ లెక్కన పైరుకు కొంత నష్టం, కొంత లాభం.

పేడపురుగు పేడను నేలలోకి దించుతుంది. దానివల్ల నత్రజని గాలిలో కలిసిపోకుండా మట్టికి అందుతుంది. బొరియల గుండా వాననీరు ఇంకుతుంది. ఈగలు గుడ్లు పెట్టే చోటు తగ్గుతుంది. ఈ మేలు ఎంతటిదో ఆస్ట్రేలియా చరిత్ర చెబుతుంది. 1788లో అక్కడికి వలసవచ్చిన తెల్లవారు పశువులను తెచ్చారు. అక్కడి పేడపురుగులు కంగారూల వంటి జంతువుల ఎండు పెంటికలకు అలవాటుపడినవి. ఆవుపేడను అవి చాలావరకు ముట్టలేదు. పేడ కుప్పలు ఎండి పచ్చికను కప్పేశాయి, ఈగలు విపరీతమయ్యాయి. చివరకు జార్జి బోర్నెమిస్సా అనే శాస్త్రజ్ఞుని సూచనపై అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ 1968 నుంచి 1984 వరకు 43 జాతుల పేడపురుగులను విదేశాల నుంచి తెచ్చి వదిలింది. వాటిలో 23 జాతులు అక్కడ నిలదొక్కుకున్నాయి. ఒక దేశం సముద్రాలు దాటించి తెచ్చుకున్న పనివాడు మన కొట్టం వెనుక ఉచితంగా పని చేస్తున్నాడు.

పశువులకు నులిపురుగుల కోసం ఇచ్చే ఐవర్‌మెక్టిన్ వంటి మందులు పేడలో మిగిలి పేడపురుగు పిల్లలను చంపుతాయని పరిశోధనలు తేల్చాయి. డాక్టరు చెప్పినప్పుడే, చెప్పినంతే ఆ మందు వాడాలని ఇంట్లో పెద్దలకు మనం చెప్పవచ్చు.

7. చూసి చెప్పిన ఇద్దరు

ఈ సంగతులు ఊరికే తెలియలేదు. ఎండలో కూర్చుని చూసినవారు ఉన్నారు.

సలీం అలీ (1896–1987) చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ ఇంట పెరిగారు. జర్మనీలో పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగివచ్చేసరికి బొంబాయిలో ఆయన చేసిన ఉద్యోగమే లేకుండా పోయింది. వేరే పని దొరకక సముద్రపు ఒడ్డున కిహీం అనే పల్లెకు చేరారు. అక్కడ గిజిగాళ్ళ గూళ్ళను రోజుల తరబడి గమనించారు. మగపక్షి ఒక గూటి తర్వాత మరో గూడు కట్టి ఒకదాని తర్వాత ఒకటిగా ఆడపక్షులతో జంటకడుతుందని ఆయన తేల్చింది అప్పుడే. ఆ వెంటనే 1931–32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

ఫ్రాన్సుకు చెందిన హెన్రీ ఫాబ్రే (1823–1915) పేద కుటుంబంలో పుట్టి, స్కాలర్‌షిప్పు పరీక్ష నెగ్గి ఉపాధ్యాయ శిక్షణ పొందారు. కీటకాల గురించి 1879 నుంచి 1907 వరకు 10 సంపుటాలు రాశారు. దొర్లించే ముద్దలోనే గుడ్డు ఉంటుందని అంతకుముందు అందరూ అనుకునేవారు. దొర్లే ముద్ద తిండికేనని, గుడ్డు పెట్టేది నేలలోపల బేరిపండు ఆకారంలో చేసిన వేరే ముద్దలోనని ఫాబ్రే చూపించారు. ఆ బేరిపండు ముద్దను మొదట తవ్వి ఆయన చేతికి తెచ్చి ఇచ్చింది ఒక పశువుల కాపరి కుర్రవాడు. ఎంతోకాలంగా పండితునికి దొరకనిది కాపరి కంటికి దొరికింది. సెలవుల్లో మేకలు కాసే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

8. పుట్టుకతో వచ్చేది, నేర్చుకుంటే వచ్చేది

ఇక ముఖ్యమైన భేదం. పేడపురుగుకు గురువు లేడు. నేలలో ఒంటరిగా పుట్టి, బయటికి వచ్చి, ఎవరూ చూపించకుండానే ముద్ద చుట్టడం మొదలుపెడుతుంది. ఇది సహజాతం.

గిజిగాని సంగతి అలా కాదు. నారను అల్లాలనే కోరిక పుట్టుకతో వచ్చినా, నేర్పు అభ్యాసంతో వస్తుంది. గిజిగాని దగ్గరి బంధువైన ఒక ఆఫ్రికా పక్షి మీద కోలియస్ దంపతులు ప్రయోగాలు చేశారు. చిన్నప్పటినుంచి గడ్డి, ఆకులు అందకుండా పెంచిన మగపిల్లలు మొదట్లో సరిగా అల్లలేకపోయాయి. సామగ్రి ఇచ్చి అవకాశం కల్పించాక, అభ్యాసంతో నేర్చుకున్నాయి. లోపం పక్షిలో లేదు, దానికి అందని గడ్డిలో ఉంది.

ఈ మాట దగ్గర మేము కొంచెం ఆగదలుచుకున్నాం. గిజిగాణ్ణి గుర్రం జాషువాగారు ఖండికగా రాస్తే పాఠంగా చదువుకున్నాం. పేడపురుగు పేరు మాత్రం తిట్టుగానే విన్నాం. చేసే పనిని చూసి ప్రాణిని తక్కువచేయడం పురుగుతో ఆగలేదు. పేడ ఎత్తినవారిని, తోలు పనిచేసినవారిని, వీధి ఊడ్చినవారిని కూడా ఆ కంటితోనే చూశారు. మనలో చాలామంది ఆ ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళమే. పాలు, పెరుగు గౌరవం, పేడ నీచం అన్న లెక్క సైన్సులో లేదు. పేడ లేకపోతే మట్టికి సారం లేదు, మట్టికి సారం లేకపోతే పాలూ లేవు.

అయితే ఇంకో పొరపాటు దారి కూడా ఉంది. "పురుగు తన పని తాను సంతోషంగా చేస్తోంది కదా, ఎవరి పని వారు చేసుకోవాలి" అని ఎవరైనా అనవచ్చు. ఈ పోలిక అక్కడ చెల్లదు. పురుగుకు పని పుట్టుకతో వస్తుంది. మనిషికి రాదు. పుట్టగానే ఏడవడం, పాలు తాగడం తప్ప మనకు ఏ పనీ రాదు. మాట, నడక, వంట, వ్యవసాయం, లెక్కలు అన్నీ నేర్చుకున్నవే. కనుక ఫలానా ఇంట పుట్టినవాడు ఫలానా పనికే అనడం మనిషిని పురుగుగా లెక్కకట్టడమే. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం నిషేధించాయి. శుభ్రం చేసే పని నీచం కాదు, కాని ఏ మనిషీ దానికోసం పుట్టలేదు. ఈ రెండు మాటలూ కలిపే పట్టుకోవాలి.

"హాస్టలోళ్ళు" అని మనల్ని వేరుచేసి పిలిచేవారు బడిలో ఉంటారు. ఇంగ్లీషు రాదని, లెక్కలు రావని నవ్వేవారు ఉంటారు. వారికి జవాబు కోలియస్ దంపతుల ప్రయోగంలో ఉంది. గడ్డి అందని పక్షి గూడు కట్టలేదు. మనకు ఇక్కడ పుస్తకం, దీపం, అన్నం, తోటివాడు అందాయి. ఇక కావలసింది 500 సార్లు తిరిగే ఓపిక.

9. మీరే చూడండి

అ) జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఒక గూళ్ళ చెట్టును ఎంచుకోండి. పూర్తి గూళ్ళెన్ని, సగం గూళ్ళెన్ని లెక్కపెట్టండి. నైరుతి గాలికి చాటుగా తూర్పువైపు ఎక్కువ ఉంటాయని అంటారు. మీ చెట్టుకు అది నిజమేనా? గూళ్ళను మాత్రం కోయవద్దు.

ఆ) వాన పడిన మరునాడు తాజా పేడ దగ్గర దూరంగా కూర్చోండి. మొదటి పురుగు ఎన్ని నిమిషాలకు వచ్చింది? ముద్ద ఎటు దొర్లింది? సూర్యుడు ఎటున్నాడు? రాసుకోండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్నలు

1. పక్షికీ కీటకానికీ శ్వాసక్రియలో భేదం ఏమిటి?
2. పొడవు 5 రెట్లు పెరిగితే కండరం బలం, శరీరం బరువు ఎన్ని రెట్లు పెరుగుతాయి?
3. గిజిగాడు, పేడపురుగు, మనిషి – ఈ ముగ్గురిలో పుట్టుకతో వచ్చే పనులేవి, నేర్చుకునే పనులేవి? పట్టిక రాయండి.
4. మీ ఊరిలో ఒక్క వారంపాటు పేడపురుగులు పని మానేస్తే ఏమవుతుంది? పశువులు కాసే పెద్దలను అడిగి రాయండి.

జవాబులను హాస్టల్ గోడపత్రికకు ఇవ్వండి. మంచి పరిశీలనలను వచ్చే వార్షికోత్సవ సంచికలో మీ పేర్లతో అచ్చువేద్దాం.